గర్భసంచి తీస్తే భయం పోతుందా?

పన్నెండేళ్ల ఆడపిల్ల. మేధో వైకల్యం ఉంది, మూర్ఛకు మందులు వాడుతోంది. ఇంకా పెద్దమనిషి కాలేదు గానీ ఒంట్లో మార్పు మొదలైంది. ముందు ముందు గర్భసంచి తీయించేద్దామని తల్లి ఆలోచన. పిల్ల మేనత్త మండల కేంద్రంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయురాలు. ఆమె వద్దంటోంది. ఈ ఇద్దరూ నా కల్పన. వాళ్ల మధ్య వాదన మాత్రం ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో తలుపులు వేసుకుని జరిగేదే. నేను మేనత్త పక్షమే. ఆ సంగతి ముందే చెప్పి, తల్లి మాటల్ని తగ్గించకుండా రాస్తున్నాను.

తల్లి: మీ దగ్గర దాచడమెందుకు వదినా. మొన్న టౌనుకెళ్లి డాక్టరమ్మతో మాట్లాడి వచ్చాను. పెద్దమనిషయ్యాక ఒక ఏడాది చూసి గర్భసంచి తీసేయొచ్చంది. మీ తమ్ముడు కూడా సరేనన్నారు.

మేనత్త: పాపని అడిగారా?

తల్లి: పాపని ఏమని అడగను? జడకి ఎర్ర రిబ్బనా, పచ్చ రిబ్బనా అంటే చెప్పడానికే పది నిమిషాలు తీసుకుంటుంది.

మేనత్త: తీసుకుంటుంది, కానీ చెబుతుందిగా. ఎర్రది చూపించిన రోజున పచ్చది కడితే పీకి పారేస్తుంది కూడా. తనకేం కావాలో తెలిసిన పిల్లే అది.

తల్లి: రిబ్బనూ ఇదీ ఒకటేనా? దాని బుద్ధి ఐదేళ్ల పిల్లతో సమానమని వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులోనే చెప్పారు. ఐదేళ్ల పిల్లకి నెలసరి ఏమిటో ఏమని చెబుతాం? మా అమ్మకి ముప్పై ఐదేళ్లకే తీసేశారు. మా పెద్దమ్మకీ తీసేశారు, పక్కింటి పిన్నిగారికీ అంతే. ఎవరికేమైంది?

మేనత్త: మన దగ్గర వచ్చిన చిక్కే అది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. పన్ను పీకించుకున్నంత మామూలైపోయింది. ఎవరికేమైందంటావా? గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ముట్లుడిగిపోయినట్టు. ఒంట్లో సెగలు, ఎముకలు గుల్లబారడం. ఇక పన్నెండు, పదమూడేళ్ల పిల్ల మాటేమిటి?

తల్లి: అండాశయాలు ఉంచుతామంది.

మేనత్త: ఉంచితే నెత్తురు ఒక్కటే ఆగుతుంది. హార్మోన్లు నెలనెలా హెచ్చుతూ తగ్గుతూనే ఉంటాయి. చిరాకు, రొమ్ముల్లో సలుపు అలాగే ఉంటాయి. నెలసరి రోజుల్లో ఫిట్స్ ఎక్కువయ్యే పిల్లలు ఉంటారు. అలాంటి పిల్లకి గర్భసంచి తీసినంత మాత్రాన అవి తగ్గవు. పైగా గర్భసంచి ఉంటే నెత్తురు చూసి ఇవి నెలసరి రోజులని తెలుసుకోవచ్చు, తీసేస్తే ఆ గుర్తు కూడా పోతుంది.

తల్లి: మీరు చెప్పేదంతా పుస్తకంలోది వదినా. ఉతికేది నేను. ఒంటేలుకి వెళ్లొచ్చి గొళ్లెం తీసుకోవడం దానికి నేర్పడానికి నాకెంత కాలం పట్టిందో మీరు చూశారుగా. కింద కూర్చుంటే నా మోకాళ్లు లేవనివ్వవు. రేపు రోజుకి నాలుగుసార్లు ప్యాడ్ మార్చాలి. అది విప్పి పారేస్తే? గోడకి పూస్తే? బడికెళ్లే పిల్లలకి స్వేచ్ఛ పథకం కింద నెలకి పది ప్యాడ్లిచ్చారు. ఇంట్లో ఉండే నా పిల్లకి ఎవరిచ్చారు? నెలకి ఆరువేల పింఛనులో ఫిట్స్ మాత్రలు కొననా, డైపర్లు కొననా?

ఈ ప్రశ్నకి మేనత్త దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గర ఉండాల్సిన జవాబు కూడా కాదది. ఇంటి దగ్గరే చదువు పేరుతో హాజరు పట్టీలో పేరుండి బడి మొహం చూడని ఆడపిల్లకి బడి ద్వారా ఇచ్చేది ఏదీ సవ్యంగా చేరదు. తల్లి అలసటని సుఖం కోరుకోవడంగా లెక్కగట్టేవాళ్లు ఒక్క రోజు ఆ ఇంట్లో ఉండి ఆ బట్టలు ఉతికి చూడాలి.

మేనత్త: నీ కష్టం కాదనను. కానీ గొళ్లెం సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నా. ఒంటేలుకి తనంతట తాను వెళ్లడం నేర్చుకున్న పిల్లలు ప్యాడ్ మార్చుకోవడం కూడా చాలామంది నేర్చుకుంటారు. బాత్రూముకి వెళ్లడం, డ్రాయరు కిందకి దించడం, కడుక్కోవడం, చేతులు తోముకోవడం పాపకి వచ్చేశాయి. సగానికి పైగా పని నువ్వే చేసి పెట్టావు. మిగిలింది ప్యాడ్ ఒక్కటే. దాన్ని ఇప్పుడే మొదలుపెట్టాలి, నెత్తురు పడకముందే.

తల్లి: రాకముందే ఎందుకు? వచ్చినప్పుడు చూద్దాం.

మేనత్త: వచ్చిన రోజున నెత్తురు చూసి దెబ్బ తగిలిందనుకుంటుంది. నువ్వు కంగారుపడతావు, నీ మొహం చూసి అది ఇంకా బెదురుతుంది. ఆ బెదురులో ప్యాడ్ పెడితే పీకి పారేయక ఏం చేస్తుంది? అందుకని ముందు పొడి ప్యాడ్. నూలు డ్రాయరు తీసుకుని, ప్యాడ్ ఎక్కడ అంటించాలో మార్కర్‌తో దాని అంచు గీసెయ్. సాయంత్రం టీవీ చూసేటప్పుడు కాసేపు పెట్టుకోనివ్వు. ఒరుసుకోవడం అలవాటు కావాలి. అలవాటయ్యాక బీట్‌రూట్ నీళ్లు నాలుగు చుక్కలు వేసి చూపించు. ఎర్రగా అయింది, తీసేద్దాం, కొత్తది పెట్టుకుందాం అని. తీసింది కాగితంలో చుట్టి మూత ఉన్న బుట్టలో వేయాలి. ఎప్పుడూ అదే బాత్రూము, అదే బుట్ట, అదే వరస. మొదట అన్నీ నువ్వే చేసి, ఆఖరిది, అంటే బుట్టలో వేయడం మాత్రం దానికి వదిలెయ్. అది వచ్చాక దానికి ముందుది, చుట్టడం. అలా వెనక నుంచి ముందుకి నేర్పాలి. మొదటి రోజు నుంచీ పని పూర్తిచేసింది తానేనని దానికి అనిపిస్తుంది. ఈ పద్ధతిలోనే దానికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పాను, గుర్తుందా?

తల్లి: గుండీలు వేరు. ఇది... ఛీ, నా ప్యాడ్ తీసి దానికి చూపించమంటారా?

మేనత్త: చూపించు. నీది చూపించడం కష్టమైతే నేను బొమ్మలు తెస్తాను, భవితలో ఉన్నాయి. నీ పెద్ద కూతురికి ఎవరు చెప్పారు ఇవన్నీ?

తల్లి: ఎవరు చెబుతారు? దానంతటదే తెలుసుకుంది. బడిలో స్నేహితులు, మా చెల్లెలి కూతురు, ఫోను.

మేనత్త: పాపకి ఆ స్నేహితులు లేరు. చెవిలో గుసగుసలాడే వాళ్లు లేరు. చదవలేదు, ఫోనులో వెతుక్కోలేదు. పెద్దదాని దగ్గర నువ్వు నోరు మూసుకున్నా పది దారుల్లో తెలిసింది. దీనికి ఉన్న ఒక్క దారివి నువ్వే.

తల్లి: పెద్దది పెద్దమనిషైనప్పుడు చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి పంచి ఊరంతా పిలిచాం. దీనికేం చేస్తాం? అయిందని బయట తెలియడమే ప్రమాదం. ఎవరికీ చెప్పొద్దని మీ తమ్ముడు అప్పుడే అన్నారు.

మేనత్త: ఊరంతా పిలవడం పెద్దదానికి కూడా నాకు ఇష్టం లేదని నీకు తెలుసు. కానీ పాపకి తల స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, నువ్వు పెద్దదానివయ్యావని ఇంట్లోనైనా నవ్వుతూ చెప్పండి. మేనత్తని, ఆ స్నానం నేను చేయిస్తాను. దాచాల్సిన తప్పేదో తాను చేసినట్టు దానికి అనిపించకూడదు. ఇంకోటి అడుగుతాను, నిజం చెప్పు. పెద్దదానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేయించావు కదా. పాపకి వేయించావా?

తల్లి: ... లేదు. దీనికెందుకు, పెళ్లా పెటాకులా అనుకున్నాను.

మేనత్త: తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపు అయితే రెండు డోసులతో సరిపోతుంది. ఇంకా టైముంది.

తల్లి: వదినా, నెత్తురు గురించి కాదు నా అసలు భయం. మీకూ తెలుసు.

మేనత్త: తెలుసు. చెప్పు.

తల్లి: నేను పొలం వెళ్తాను. మీ తమ్ముడు పనికెళ్తారు. పెద్దది కాలేజీకి. ఇంట్లో ముసలావిడకి కళ్లు ఆనవు. ఎవరైనా లోపలికి వస్తే? బిస్కెట్ ప్యాకెట్ చూపిస్తే ఎవరి వెంటైనా వెళ్తుంది. ఏదైనా జరిగితే చెప్పలేదు. మూడో నెలో నాలుగో నెలో అయ్యాక తెలిస్తే నేనేం చేయను? అందుకే ఆ సంచి ఉండకపోతే ఒక్క గండమైనా తప్పుతుందని.

మేనత్త: ఏ గండం తప్పుతుంది? గర్భం రాదు, అంతే. చెయ్యి వేసేవాడు ఆగుతాడా? ఈ పిల్లకి ఆపరేషన్ అయిందని తెలిస్తే వాడికి ఉన్న ఒక్క భయం కూడా పోతుంది. అలాంటివాడు ఎక్కడి నుంచో రానక్కర్లేదు, చాలాసార్లు ఇల్లు తెలిసినవాడే అయి ఉంటాడు. గర్భసంచి తీస్తే మనకి కనబడకుండా పోయేది నేరం. పాప బాధ అలాగే ఉంటుంది. సుఖవ్యాధులు సోకినా అంతే, ఎవరికీ తెలియదు.

తల్లి: అయితే ఏం చేయమంటారు? ఇంట్లో పెట్టి తాళం వేయనా?

మేనత్త: వద్దనడం నేర్పుదాం. ఇన్నేళ్లూ నేర్పింది దానికి వ్యతిరేకం. చెప్పిన మాట వినాలి, కూర్చోమంటే కూర్చోవాలి, మామయ్యకి ముద్దు పెట్టమంటే పెట్టాలి. మా బళ్లోనూ అంతే, చెప్పింది చేస్తే చప్పట్లు కొడతాం. మొన్న మీ ఇంటికి వచ్చిన ఆయన ఎవరో బుగ్గ గిల్లితే అది మొహం తిప్పేసుకుంది. నువ్వేమన్నావు? తప్పు, అంకుల్‌కి షేక్‌హ్యాండివ్వు అన్నావు.

తల్లి: ఆయన మీ తమ్ముడి సూపర్‌వైజరు.

మేనత్త: పాపకి అది తెలియదు. తనకి ఇష్టం లేకపోయినా ఒంటి మీద చెయ్యి పడనివ్వాలని మాత్రం తెలిసింది. ఇకనుంచి అది మొహం తిప్పితే నువ్వు దాని పక్కన నిలబడు. స్నానం ఎవరు చేయిస్తారో పేర్లు పెట్టి చెప్పు. అమ్మ, అక్క, అత్త, ఇంకెవరూ కాదు. డాక్టరు చూస్తే అమ్మ పక్కనే ఉంటుంది. తలుపు వేశాకే బట్టలు విప్పాలి. ఇంట్లో నాన్న ముందు కూడా తువ్వాలు చుట్టుకుని రావాలి. చిన్నపిల్లే కదా అని దానికి హాల్లో బట్టలు మార్చే అలవాటు ఈ రోజుతో మానెయ్. మన అందరి ముందూ విప్పితే తప్పు లేనప్పుడు వేరేవాడి ముందు తప్పని దానికెలా తెలుస్తుంది? మాటలు తక్కువ కాబట్టి బొమ్మ మీద చూపించడం నేర్పుదాం. ఎక్కడ ముట్టుకున్నారో వేలు పెట్టి చూపిస్తే చాలు.

తల్లి: చూపించిందే అనుకోండి. పోలీసులు దాని మాట నమ్ముతారా? కేసు పెడితే ఊళ్లో తలెత్తుకోగలమా?

మేనత్త: 2012లో వచ్చిన పోక్సో చట్టం పిల్ల వైకల్యాన్ని ఆసరా చేసుకుని పాడుపని చేస్తే దాన్ని ఇంకా తీవ్రమైన నేరంగా లెక్కపెట్టింది. వాంగ్మూలం తీసుకునేటప్పుడు మాలాంటి ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం తీసుకోవచ్చని అందులోనే ఉంది. తెలిసీ చెప్పకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే. పరువు అంటావా, ఆ భారం చేసినవాడు మోయాలి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకపోతే ఈ వాదన ఇంటి గొడవలా మిగిలిపోతుంది. 1994 ఫిబ్రవరిలో మహారాష్ట్రలో, పుణె జిల్లా శిరూరులోని ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న మేధో వైకల్యం గల ఆడపిల్లల్లో, స్త్రీలలో పదిమందికి పైగా పుణెలోని ససూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత పాటించలేరన్నది చెప్పిన కారణం. మహిళా సంఘాలు, వైద్యరంగంలోని కొందరు గట్టిగా ఎదిరించడంతో ఆ ఆపరేషన్లు ఆగాయి. వైకల్యంగల వారి హక్కుల గురించి ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. ఆ తర్వాత వచ్చిన 2016 వైకల్యంగల వ్యక్తుల హక్కుల చట్టంలోని 10వ సెక్షన్, ఆ వ్యక్తి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా పిల్లలు పుట్టే శక్తిని పోగొట్టే ఏ వైద్యమూ చేయకూడదంది. అదే సెక్షన్ మొదటి భాగంలో మరొకటుంది. పునరుత్పత్తి, కుటుంబ నియంత్రణ గురించిన సమాచారం వైకల్యం ఉన్నవాళ్లకి అందేలా ప్రభుత్వం చూడాలని. వద్దన్న రెండో భాగం గురించి కాస్తయినా మాట్లాడుకుంటాం. ఇవ్వమన్న మొదటి భాగాన్ని పట్టించుకున్న కార్యాలయం నాకైతే కనబడలేదు. చేయొద్దని చెప్పి, బదులు ఏం చేయాలో చెప్పకపోతే తల్లి ఎక్కడికి పోతుంది?

తల్లి: చట్టం చట్టం అంటున్నారు. మీ భవితలో తల్లిదండ్రుల మీటింగు పెడతారు. పింఛను, బస్సు పాసు, చక్రాల కుర్చీ. ఎప్పుడైనా ఒక్కరోజు ఈ మాట ఎత్తారా?

మేనత్త: ఎత్తలేదు. ఎత్తాలి. మగవాళ్లు కూడా కూర్చుంటారు కదా అని ఊరుకున్నాం. వచ్చే మీటింగులో మొదటి మాట ఇదే పెడతాను.

తల్లి: సుప్రీంకోర్టులో ఏదో కేసు గురించి కూడా ఒకసారి చెప్పారు. ఆశ్రమంలో ఉన్న అమ్మాయికి గర్భం వస్తే తీయొద్దన్నారని.

మేనత్త: 2009లో, చండీగఢ్ అమ్మాయి. ప్రభుత్వ గృహంలో ఉండగా అత్యాచారం జరిగింది. గర్భం తీసేయాలని పాలనా యంత్రాంగం అడిగింది, హైకోర్టు సరేనంది. ఆ అమ్మాయి బిడ్డ కావాలంది. ఆమెకున్నది స్వల్ప మేధో వైకల్యం, మేజరు, కాబట్టి ఆమె సమ్మతి లేకుండా తీయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె బాగోగులు చూడడానికి నేషనల్ ట్రస్టు ముందుకొచ్చింది.

తల్లి: చండీగఢ్‌కి వచ్చిన ట్రస్టు మన మండలానికి వస్తుందా? మనకి వచ్చేది నేనూ మీరే. రేపు నేను పోతే? పెద్దది చూస్తుందని దాని కాపురానికి అడ్డం పడనా?

మేనత్త: పద్దెనిమిది నిండాక సంరక్షకుల్ని నియమించడానికి ప్రతి జిల్లాలో కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ఉంది, 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద. అది చేసే పని కొంతే. నువ్వు పోయాక ఏమిటన్న దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ప్యాడ్ తానే మార్చుకునే పిల్లని, గట్టిగా వద్దని అరిచే పిల్లని చూసుకోవడానికి నలుగురిలో ఒకరు ముందుకొస్తారు. నువ్వు ఇప్పుడు నేర్పేది అప్పటికి పనికొస్తుంది.

తల్లి: నేర్పినా రాకపోతే? నెల నెలా నరకమైతే? అప్పుడు కూడా వద్దంటారా?

మేనత్త: అప్పుడు మందులున్నాయి. వాటికి నేను అడ్డం చెప్పను. నెత్తురు ఎక్కువైతే తగ్గించే మాత్రలున్నాయి. నొప్పికి మాత్రలున్నాయి. మాటలు లేని పిల్ల కొరుకుతుంటే, తల గోడకి కొట్టుకుంటుంటే అది మొండితనం కాకపోవచ్చు, కడుపునొప్పి కావచ్చు. తప్పదంటే కొన్నాళ్లు నెలసరిని ఆపే హార్మోను మాత్రలు, ఇంజెక్షన్లు, గర్భసంచిలో పెట్టే హార్మోను సాధనం ఉన్నాయి. మానేస్తే మళ్లీ మామూలవుతుంది. వాటికీ లోపాలున్నాయి. ఇంజెక్షన్ ఎక్కువ కాలం వాడితే ఎముకలు పలచబడతాయి, నడవని పిల్లలకి మరీ. ఏదైనా నెలసరి మొదలయ్యాక, అది ఎలా ఉందో చూశాకే. మొదటి ఏడాది రెండేళ్లు నెల నెలా సరిగ్గా రాకపోవచ్చు, అదీ గుర్తుంచుకో.

తల్లి: ఫిట్స్ మాత్రలతో పడతాయా?

మేనత్త: అది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. కార్బమజిపిన్, ఫెనిటాయిన్ లాంటివి వాడుతుంటే కొన్ని హార్మోను మాత్రల పని తగ్గిపోతుంది. వాల్‌ప్రొయేట్ అయితే ఆడపిల్లలకి ఈ వయసు నుంచి వేరే మందు కుదురుతుందేమో నరాల డాక్టరుని అడగాలి. దానివల్ల హార్మోన్లు తేడా చేయొచ్చు, గర్భం వస్తే కడుపులో బిడ్డకి ప్రమాదం. కానీ నీ అంతట నువ్వు ఒక్క మాత్ర కూడా ఆపకు, ఫిట్స్ తిరగబెడతాయి. క్యాలెండరు మీద ఫిట్స్ వచ్చిన రోజుకి ఒక గుర్తు, నెలసరికి ఒక గుర్తు పెట్టు. డాక్టరు దగ్గరికి ఆ క్యాలెండరు పట్టుకెళ్లు.

తల్లి: మొన్నటి డాక్టరమ్మ ఇవేవీ అడగలేదు. ఆపరేషన్ ఖర్చు చెప్పింది.

మేనత్త: అందుకే ఇంకొకరికి చూపిద్దాం. నేనూ వస్తాను.

తల్లి: వదినా, మీరు చెప్పినవన్నీ చేసేది ఎవరో గమనించారా? ప్యాడ్ నేర్పడం నేను, స్నానం నేను, క్యాలెండరు నేను, డాక్టరు దగ్గరికి నేను. ఆయన మాత్రం ఈ మాట ఎత్తితే లేచి బయటికెళ్లిపోతారు. ఆపరేషన్‌కి మాత్రం వెంటనే సరేనన్నారు, ఎందుకంటే అందులో ఆయన చేయాల్సింది సంతకమే.

మేనత్త: వాడు చేయగలిగినవి ఉన్నాయి. బాత్రూము తలుపుకి గడియ సరిచేయడం, ప్యాడ్లు కొనుక్కు రావడం, నువ్వు లేనప్పుడు ఇంట్లో ఎవరుండాలో ఏర్పాటు చేయడం, సూపర్‌వైజరైనా సరే పాప బుగ్గ గిల్లొద్దని చెప్పడం.

తల్లి: అవి మీరే చెప్పండి. తొమ్మిదింటికి వస్తారు. నేను చెబితే వినరు. మీరు చెప్పి, ఆయన ఒప్పుకుంటే ఆ ఆపరేషన్ మాట నేను పక్కన పెడతాను. ఒప్పుకోకపోతే నన్ను మళ్లీ అడగొద్దు.

మేనత్త: ఒప్పుకోకపోయినా అడుగుతాను. అన్నం అక్కడే తింటాను, పద. వాడు లేచి బయటికెళ్లబోతే తలుపు దగ్గర నువ్వు నిలబడు.